పాత ఇంటిని గది తర్వాత గది బాగు చేసుకునేవాళ్లకు: ఏది ఉంచాలి, ఏది పీకేయాలి

మన జిల్లా కేంద్రాల్లో 1980ల చివర, 1990ల మొదట్లో కట్టిన ఇళ్లన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. నూట యాభై నుంచి రెండొందల యాభై గజాల స్థలం, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన ఒకే స్లాబు, వరండాకు ఇనుప గ్రిల్లు. హాల్లో మొజాయిక్ గానీ బేతంచెర్ల బండలు గానీ. వంటింట్లో కడప బండ గట్టు. పెరట్లో ఒక బాత్‌రూమ్, ఆ తర్వాతెప్పుడో పడగ్గదికి అతికించిన ఇంకో బాత్‌రూమ్. కట్టించినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. పండక్కి వచ్చినప్పుడల్లా "ఈ ఇంటిని ఏదో ఒకటి చెయ్యాలి" అంటారు, మళ్లీ పండగ దాకా ఆ మాట అలాగే ఉండిపోతుంది.

అలాంటి ఇంట్లో ఉంటూనే, చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఒక్కో గది చేయించుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చూసినంతలో ఈ పని చాలామంది తలకిందులుగా చేస్తారు. కంటికి కనిపించే పాత సామాన్లు, అంటే టేకు తలుపులు, బండలు, మొజాయిక్, ఇప్పుడు బజార్లో దొరికే చాలా వాటికంటే గట్టివి. వాటిని ముందు పీకేస్తారు. గోడల్లో దాగున్న పైపులు, వైర్లు నిజంగా ఆయుష్షు తీరినవి. వాటిని అలాగే ఉంచి పైన కొత్త టైల్స్ వేస్తారు. కింద చెప్పే ఎంపికల్లో ఎక్కువ భాగం ఈ లెక్కను సరిచేసేవే.

కూల్చి కట్టడమా, ఒకేసారా, గదిగదిగానా?

ఈ ప్రశ్నకు జవాబు మన ఇష్టంలో కాదు, స్లాబులో ఉంటుంది. ఒక పొడవాటి కర్ర తీసుకుని గదిగదికీ వెళ్లి సీలింగ్‌ను తట్టండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల వదులైనచోట డొల్ల శబ్దం వస్తుంది. ఫ్యాను కొక్కెం చుట్టూ, బాత్‌రూమ్ పక్కన, ట్యాంకు కింద తప్పనిసరిగా తట్టి చూడాలి. పెచ్చులు ఊడిన చోట రాడ్డు కనిపిస్తుంటే దాన్ని గీకి చూడండి. పైన తుప్పు పొర ఉన్నా లోపల ఇనుము గట్టిగా ఉంటే బాగు చేయొచ్చు. తుప్పు పొరలు పొరలుగా రాలి రాడ్డు సన్నబడిపోయిందంటే వ్యవహారం వేరు. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది త్వరగా వస్తుంది.

ఒకటి రెండు చోట్ల మాత్రమే డొల్ల ఉంటే గదిగదిగా చేసుకోవచ్చు. వదులు సిమెంటు మొత్తం కొట్టేసి, రాడ్డు తుప్పు గీకి, తుప్పు ఆపే కోటింగ్ పూసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చాలి. ఊడిన చోట మామూలు సిమెంటు మెత్తి సున్నం కొడితే రెండేళ్లకు అదే చోట మళ్లీ ఊడుతుంది. సగం గదుల్లో డొల్ల ఉంటే మాత్రం టైల్స్ షాపుకి వెళ్లేముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిపించండి. మేస్త్రీ మాట చాలదు. మేస్త్రీ ఎంత మంచివాడైనా అతనికి వచ్చిన పని కట్టడం, లెక్క కట్టడం కాదు. ఆ ఇంజినీర్ ఇక పనికిరాదంటే వంటింటికి పెట్టబోయే డబ్బు దాచుకుని కొత్త ఇంటికి వాడుకోవడమే మేలు.

ఇక స్లాబు బాగుంది అనుకుందాం. ఒకేసారి అంతా చేయిస్తే మేస్త్రీలు, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ఒక్కసారే వస్తారు, మొత్తం ఖర్చు తగ్గుతుంది. కానీ మూడు నాలుగు నెలలు అద్దె ఇంట్లో ఉండాలి, డబ్బంతా ఒక్కసారే కావాలి. గదిగదిగా చేస్తే ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు, ఒక గది చూసి ఇంకో గదికి నేర్చుకోవచ్చు. అయితే ప్రతిసారీ దుమ్ము, ప్రతిసారీ కొత్త కూలి బేరం. మొత్తం ఖర్చు ఎక్కువే అవుతుంది, అది ముందే ఒప్పుకోవాలి. అప్పు తీసుకునేవాళ్లకు ఒక చిన్న ఊరట ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు కోసం తీసుకున్న అప్పు వడ్డీపై ఏడాదికి 30,000 రూపాయల దాకా మినహాయింపు వస్తుంది.

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు గానీ పసిపిల్లలు గానీ ఉంటే నేను ఒకేసారి చేయించడానికే ఓటేస్తాను. ఒక గదిలో టైల్స్ కోస్తుంటే ఆ దుమ్ము పక్క గదిలోని బీరువాలో బట్టల మడతల్లోకి కూడా వెళ్తుంది.

మొదటి గది అసలు గదే కాదు

గదిగదిగా అన్నాక అందరూ హాలుతో మొదలుపెడతారు, వచ్చిపోయేవాళ్లు చూసేది అదే కాబట్టి. నీళ్లకు, కరెంటుకు మాత్రం గదుల లెక్క తెలియదు. మిద్దె మీద నీళ్లు నిలిస్తే అవి దిగేది కొత్తగా రంగులు వేసిన హాల్లోకే.

అందుకని మిద్దె ముందు. ఇక్కడ మన ముందున్న దారులు నాలుగు. పాత పద్ధతి ఇటుక ముక్కలు, సిమెంటుతో వాటం తీసి పైన గచ్చు చేయడం. చాలా ఏళ్లు ఆగుతుంది, ఎండ వేడిని కూడా కొంత ఆపుతుంది. కానీ బరువు. నాలుగంగుళాల మందం వేస్తే చదరపు అడుగుకు పదిహేను కిలోలకు పైనే పడుతుంది. ముప్పై ఐదేళ్ల స్లాబు మీద ఇప్పటికే ఒక పాత పొర ఉంటే, దాన్ని తీయకుండా పైన ఇంకోటి వేయడానికి నేను ఒప్పుకోను. రెండోది సిమెంటు, పాలిమర్ కలిపి పూసే కోటింగ్. తేలిక, ఖర్చు తక్కువ, కానీ ఎండకు, నడకకు నేరుగా వదిలేస్తే అరుగుతుంది. పైన సన్నటి గచ్చు గానీ టైల్ గానీ వేయాల్సిందే. మూడోది సాగే గుణమున్న అక్రిలిక్ తెల్ల కోటింగ్. సన్న బీటలు మూస్తుంది, ఎండను తిప్పికొడుతుంది. ఆవకాయ, వడియాలు ఎండబెట్టుకునే మిద్దెకు బాగానే ఉంటుంది గానీ కొన్నేళ్లకోసారి మళ్లీ పూయించుకోవాలి. నాలుగోది రేకుల షెడ్డు. వాన, ఎండ రెండూ ఆగుతాయి, కింద బట్టలు ఆరేసుకోవచ్చు. గాలివానకు ఎగరకుండా బిగింపు గట్టిగా ఉండాలి, పైగా కొన్ని చోట్ల మున్సిపాలిటీ వాళ్లు దాన్ని అదనపు అంతస్తుగా లెక్కేస్తారు. ముందే అడగడం మంచిది.

మిద్దెలో వాటం బాగుండి, సన్న బీటలే ఉంటే మూడోది చాలు. నీళ్లు ఒక మూల నిలుస్తుంటే ఏ కోటింగూ గట్టెక్కించదు, పాత పొర తీసి వాటం మళ్లీ తీయాల్సిందే. తెల్ల మిద్దెల గురించి తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. మే నెలలో పై అంతస్తులో పడుకునేవాళ్లకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పని మార్చి, మే మధ్య పూర్తవ్వాలి. జూన్ మొదటి వారంలో పూతపని మొదలుపెట్టడం జూదం.

ఇక వైర్లు, పైపులు. ఇవి గదిగదిగా మార్చొచ్చా, ఒకేసారా? నా సలహా మధ్యేమార్గం: మెయిన్ లైన్లు మొదటి విడతలోనే, గది లోపలి లైన్లు ఆ గది వంతు వచ్చినప్పుడు. మీటరు నుంచి కొత్త డిస్ట్రిబ్యూషన్ బోర్డు, కొత్త ఎర్తింగ్, ప్రతి గదికీ ఒక ఖాళీ పైపు లాగి పెట్టించండి. అలాగే ట్యాంకు నుంచి కొత్త నీళ్ల లైను దింపి, ప్రతి బాత్‌రూమ్, వంటింటి గోడ బయట మూత బిగించి వదిలేయండి. ఆ తర్వాత ఏ గది ఎప్పుడు చేసినా పక్క గది పగలగొట్టే పని ఉండదు. మా బంధువుల ఇంట్లో ఈ వరుస తప్పింది. హాల్లో పొడుగు టైల్స్ వేయించిన ఏడాదికే నేలలోని పాత జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) పగిలింది. సరిగ్గా సోఫా కింద నాలుగు టైల్స్ తీయాల్సొచ్చింది, ఆ రంగు అప్పటికి షాపులో లేదు. ఇప్పటికీ అక్కడ కార్పెట్ పరిచే ఉంటుంది.

పాత స్విచ్ బోర్డు ఒకటి విప్పి చూస్తే వైర్ల సంగతి తెలిసిపోతుంది. పై తొడుగు వేలితో వంచితే పెళుసుగా పగులుతున్నా, లోపల తీగ ఎర్రగా కాక తెల్లగా, అంటే అల్యూమినియంగా ఉన్నా ఆలోచించక్కర్లేదు, మొత్తం మార్చాలి. లైట్లు, ఫ్యాన్లకు 1.5, ప్లగ్ పాయింట్లకు 2.5, ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మామూలుగా వాడే కొలత. ఏసీకి విడిగా లైను ఉండాలి. మనిషికి షాక్ తగలగానే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. పాత ఇళ్లలో దీన్ని బిగిస్తే ఊరికే ట్రిప్ అవుతుంటుంది. ఒక గది న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను, ఇంకో గదికి వాడేయడం దీనికి మామూలుగా కనిపించే కారణం. అప్పుడు ఎలక్ట్రీషియన్ "ఇది మీ ఇంటికి సెట్ కాదండీ" అని దాన్ని తీసేస్తానంటాడు. తీయనివ్వకండి. తప్పు వైరింగ్‌లో ఉంది, దాన్ని వెతికి సరిచేయమనండి.

బాత్‌రూమ్: ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

గదుల్లో మొదటి వంతు బాత్‌రూమ్‌ది. పెద్దవాళ్లు జారిపడేది ఇక్కడ, పక్క గది గోడకు చెమ్మ ఎక్కేది ఇక్కడి నుంచే.

మూడు రకాల మరమ్మతులు ఉన్నాయి. మొదటిది, ఉన్న టైల్స్ ఉంచి సందులు గీకి ఎపాక్సీ గ్రౌట్ (నీళ్లు దిగనివ్వని రెజిన్ పూడిక) నింపడం. ఒకటి రెండు రోజుల పని. టైల్స్ గట్టిగా ఉండి, సందుల్లోంచే నీళ్లు దిగుతున్నాయని తేలితే ఇది చాలు. రెండోది, పాత టైల్స్ మీదే ప్రత్యేకమైన గమ్‌తో కొత్త టైల్స్ అతికించడం. పగలగొట్టే గోల లేదు, వారంలో అయిపోతుంది. కాని నేల అర అంగుళానికి పైగా లేస్తుంది. తలుపు కింద కోయాలి, గడప దాటి నీళ్లు పడగ్గదిలోకి వచ్చే ప్రమాదం ఉంది. పాత టైల్ డొల్లగా ఉంటే దానితో పాటే కొత్తదీ ఊడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, గోడలోని పాత పైపు పాతదిగానే ఉండిపోతుంది. మూడోది, గోడలు ఇటుక దాకా, నేల స్లాబు దాకా పగలగొట్టి మళ్లీ కట్టుకోవడం. ఖర్చు ఎక్కువ, మూడు నాలుగు వారాలు ఆ బాత్‌రూమ్ మరిచిపోవాలి.

ముప్పై ఏళ్లు దాటిన బాత్‌రూమ్‌కు నేను మూడోదే చెబుతాను. జీఐ పైపులు లోపల తుప్పు పట్టి సగం మూసుకుపోయి ఉంటాయి. ఒక ముక్క కోసి చూస్తే పెన్సిల్ దూరేంత సందు మిగిలి ఉండటం నేను చూశాను. అలాంటి పైపు పైన అందమైన టైల్ వేస్తే లాభమేంటి? టైల్ మీద టైల్ అద్దె ఇళ్లకు, పదేళ్ల లోపు కట్టిన ఫ్లాట్లకు బాగుంటుంది. ఇంకో ఐదేళ్లలో కూల్చేయబోయే ఇంటికి కూడా అదే మేలు.

పగలగొట్టాక వరుస ఇది. వేడి నీళ్లకు సీపీవీసీ పైపే వేయాలి, తెల్ల యూపీవీసీ చల్ల నీళ్లకు మాత్రమే. రెండూ పక్కపక్కన పెట్టి "ఏదైనా ఒకటే సార్" అనే ప్లంబర్‌ను మార్చండి. పైపులు బిగించాక, గోడ మూయకముందే, ప్రెజర్ పంపు పెట్టి లీకు పరీక్ష చేయించండి. తర్వాత నేలకు, గోడలకు వాటర్‌ప్రూఫింగ్. షవర్ ఉన్న గోడకు ఆరడుగుల ఎత్తు దాకా పూయాలి, మిగతా గోడలకు అడుగు ఎత్తు చాలు. అది ఆరాక నహానీ ట్రాప్, అంటే నేలలో నీళ్లు పోయే తూము, మూసేసి, రెండంగుళాల నీళ్లు నిలిపి రెండు రోజులు వదిలేయండి. కింద ఇల్లుంటే కింది సీలింగ్ చూడండి, లేకపోతే పక్క గది గోడ అడుగు చూడండి. మేస్త్రీకి ఈ రెండు రోజులు ఖాళీ. అందుకే ఆ పరీక్ష అక్కర్లేదంటాడు. ఆ రెండు రోజుల కూలి విడిగా ఇచ్చేయండి గానీ పరీక్ష మానకండి.

వాటం ఐదడుగులకు ముప్పావు అంగుళం దాకా ఉండాలి. టైల్స్ వేయగానే చెంబుడు నీళ్లు మూలలో పోసి చూడండి, వెనక్కి నిలిచాయంటే సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే సరిచేయించాలి. నేలకు అడుగు అడుగున్నర సైజు గరుకు టైల్స్ వాడండి. పెద్ద టైల్స్‌కు నలువైపుల నుంచీ వాటం రాదు, సందులు తక్కువ కాబట్టి పట్టు కూడా తక్కువ.

టాయిలెట్ దేశీయమా, వెస్టర్నా అనే చర్చ ఇంటింటా ఉంటుంది. మోకాళ్ల సంగతి చూసి రెండు బాత్‌రూమ్‌లలో ఒకటి తప్పనిసరిగా వెస్టర్న్ చేయించండి, రెండోది మీ ఇష్టం. గోడకు వేలాడే కమోడ్ అయితే దాని కింద నేల తుడవడానికి బాగుంటుంది. దాని ఫ్లష్ ట్యాంకు గోడలో దాగుంటుంది కాబట్టి చిన్న ఊళ్లో దానికి స్పేర్ పార్టులు, తెలిసిన ప్లంబర్ ఉన్నారో లేదో కనుక్కోండి. లేకపోతే నేల మీద నిలబడే రకమే నయం. పట్టుకునే రాడ్డు ఇప్పుడు పెట్టకపోయినా, అది బిగించబోయే చోట గోడ గట్టిగా ఉంచమని, అక్కడ పైపు రానివ్వొద్దని చెప్పండి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరిచే తలుపు ఎవరూ తీయలేరు.

వంటిల్లు

గట్టు సంగతి ముందు. కడప బండ నల్లగా, చవకగా, గట్టిగా ఉంటుంది, కానీ సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పట్టేస్తుంది. దాన్ని పీకి గ్రానైట్ వేసుకోవడం నిజంగా పనికొచ్చే మార్పు. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్లు మన దగ్గరే దొరుకుతాయి. వేడి గిన్నె దించినా, పులుసు ఒలికినా వాటికేమీ కాదు. క్వార్ట్జ్ గట్టు చూడ్డానికి ఒకే రంగుతో అందంగా ఉంటుంది కానీ అందులో జిగురు కలిసి ఉంటుంది. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే మచ్చ పడుతుంది. రోజూ పోపులు, వేపుళ్లు, పండగకు బూరెలు, అరిసెలు వండే వంటింటికి గ్రానైట్‌ను మించింది లేదు. తీసిన కడప బండలు పారేయకండి. వాటిని అరలకు, పెరట్లో బట్టలుతికే బండకు, తులసికోట చుట్టూ వాడుకోవచ్చు.

గట్టు ఎత్తు కట్టించినప్పుడు ఎవరి పొడవును బట్టి పెట్టారో గానీ, ఇప్పుడు వంట చేసే మనిషిని నిలబెట్టి కొలవండి. సాధారణంగా ముప్పై రెండు నుంచి ముప్పై నాలుగు అంగుళాలు సరిపోతుంది. గ్రానైట్ మందం కూడా అందులో కలపాలి.

అరలకు వచ్చేసరికి షోరూమ్ వాళ్లు గందరగోళం చేస్తారు. ఇదొకటి వివరంగా చెప్తాను. పాత వంటింటి గట్టు కింద ఇటుక గోడలు, బండ అరలు ఉంటే, వాటికి చౌకట్లు బిగించి తలుపులు పెట్టించుకోవడం అన్నిటికంటే చవక. చెదలకు లొంగదు, తడికి ఉబ్బదు. లోపలి చోటు కాస్త తగ్గుతుంది, డ్రాయర్లు కుదరవు, అంతే. కొత్తగా పెట్టె చేయించాలంటే ప్లైవుడ్‌లో ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడిని తట్టుకునే మెరైన్ రకం వాడాలి, ముఖ్యంగా సింకు కింద. చెక్క పొట్టు, జిగురు కలిపి నొక్కి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ షోరూమ్‌లో చక్కగా మెరుస్తాయి. సింకు పైపు ఒక్కసారి కారితే చాలు, అడుగు ఉబ్బి పొట్టులా రాలుతుంది. కొటేషన్ చవగ్గా ఉందంటే లోపల ఇవే ఉన్నాయేమో అడగండి. పీవీసీ, డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి) పలకలకు చెదలు, తడి భయం లేదు. కానీ బరువైన తలుపులకు మేకు పట్టు ప్లైవుడ్ అంత ఉండదు, పొయ్యి పక్కన వేడికి వంగుతాయి. అల్యూమినియం అరలకు చెదలు పట్టవు, శుభ్రం చేయడం తేలిక, కాస్త ఆఫీసు కళ వస్తుంది.

చెదల ఊళ్లో ఉండి, నెలంతా ఇంట్లోనే వంట చేసేవాళ్లయితే, కింద బండ అరలకు తలుపులు, పైన ప్లైవుడ్ అరలు. నా ఎంపిక ఇదే. పిల్లల దగ్గరికి ఏడాదిలో ఆరు నెలలు వెళ్లిపోయేవాళ్లకు అల్యూమినియం మేలు. మూసి ఉన్న ఇంట్లో చెదలు ఎప్పుడు పట్టాయో తెలియదు కదా.

కార్పెంటర్‌ను ఇంటి దగ్గర కూర్చోబెట్టి చేయించాలా, ఫ్యాక్టరీలో చేసిన మాడ్యులర్ తెప్పించాలా? పాత ఇళ్ల గోడలు నిటారుగా ఉండవు, మూలలు తొంభై డిగ్రీలు ఉండవు. ఫ్యాక్టరీ పెట్టె, గోడ మధ్య సందు వస్తుంది, దాన్ని పట్టీలతో మూస్తారు. ఇంటి దగ్గర చేసే కార్పెంటర్ గోడ ఎలా ఉంటే అలా సర్దుతాడు. అంచుల నునుపులో మాత్రం మెషీన్‌కు సాటి రాడు. మన వంటకు చిమ్నీ కంటే ముందు కిటికీ పైన మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాలి. చిమ్నీ కొంటే దాని పైపు తప్పనిసరిగా బయటికి వెళ్లాలి, వంటింట్లోనే తిరిగి వదిలే రకం పోపు ఘాటుకు చాలదు.

హాలుకు, వంటింటికి మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేద్దామని పిల్లలు వీడియో కాల్‌లో అంటుంటారు. పిల్లర్లు లేని పాత ఇంట్లో తొమ్మిదంగుళాల గోడ స్లాబు బరువు మోస్తోంది. దాన్ని ఇంజినీర్ లెక్క లేకుండా తాకకూడదు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ అయితే ఫర్వాలేదు, అది కూడా పైన ఏముందో చూశాకే. వేపుడు వాసన హాల్లో సోఫాలకు పడుతుందన్న సంగతి ఎలాగూ ఉంది.

నేల: మార్చకపోవడమే మార్పు

మొజాయిక్ ఉన్న ఇంట్లో టైల్స్ వేయించబోయేవాళ్లు ఒక్కసారి ఒక మూల గ్రైండింగ్ చేయించి చూడండి. మెషీన్ కింద తిరిగే రాయి ముందు గరుకుది, తర్వాత నున్ననిది. నీళ్లు పోస్తుంటే తెల్లటి బురద పారుతుంది, దాన్ని లాగేశాక కింద చలువరాయి ముక్కలు తడిసి మెరుస్తూ కనిపిస్తాయి. పాలిష్ అయ్యాక చాలామంది టైల్స్ ఆలోచన మానుకుంటారు. బేతంచెర్ల, తాండూరు బండలు కూడా అంతే. ఒకటి రెండు పగిలినవి మార్చి, సందులు నింపి, పాలిష్ చేయిస్తే టైల్స్ ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది. ఎండాకాలం కాళ్లకు చల్లగా ఉంటాయి కూడా. బండల మీద యాసిడ్ మాత్రం వాడొద్దు, అది కూడా సున్నపురాయే.

ఎర్ర గచ్చు సంగతి వేరు. బీటలు తీస్తే దాన్ని అదే రంగులో అతికేవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం. దొరికితే ఉంచండి, దొరకకపోతే టైల్స్.

టైల్స్ తప్పని గదుల్లో పాత నేల గట్టిగా, మట్టంగా ఉంటే పైనే గమ్‌తో అతికించవచ్చు. పాత నేల కుంగి ఉంటే తీసేయాల్సిందే. కుంగిన నేలను సరిచేయడానికి పైన రెండంగుళాల సిమెంటు పోయడం కింది అంతస్తులో చెల్లుతుంది. పై అంతస్తులో అయితే చదరపు మీటరుకు వంద కిలోల అదనపు బరువు స్లాబు మీద పెట్టినట్టే. ఏ నేల తీసినా, కొత్తది వేయకముందే గోడ వెంబడి రంధ్రాలు చేసి చెదల మందు పట్టించండి. తర్వాత చేయాలంటే కొత్త టైల్స్‌కే కన్నాలు పెట్టాలి. ప్రతి గది టైల్స్‌లో ఒక పెట్టె అదనంగా కొని అటక మీద పెట్టుకోండి.

తలుపులు, కిటికీలు, రంగులు

పాత టేకు తలుపు కింద చెక్క పాడైతే ఆ ముక్క మాత్రమే కోసి అతికే కార్పెంటర్లు ఉన్నారు. పాత పెయింటు గీకించి పాలిష్ చేయిస్తే అదే కొత్త తలుపు. దాని బదులు రెడీమేడ్ ఫ్లష్ డోర్ పెట్టడం నాకు నచ్చదు, ఒక్క బాత్‌రూమ్‌కు తప్ప. అక్కడ చెక్కకు మనుగడ లేదు, డబ్ల్యూపీసీ తలుపు, చౌకట్టు పెట్టేయండి. కిటికీలకు రెక్కలు చెడితే యూపీవీసీ గానీ అల్యూమినియం గానీ. రోడ్డు పక్క ఇల్లయితే దుమ్ము, చప్పుడు ఆపడంలో యూపీవీసీ ముందుంటుంది. సన్నని ఫ్రేముతో వెలుతురు ఎక్కువ కావాలంటే అల్యూమినియం. స్లైడింగ్ కిటికీకి ఒకేసారి సగమే తెరుచుకుంటుందని గుర్తుంచుకోండి. ఏసీ లేని గదికి పాత రెక్కల కిటికీయే ఎక్కువ గాలి ఇస్తుంది. దోమల మెష్ ఏదైనా పెట్టించుకోండి.

గోడ అడుగున చెమ్మ, ఉప్పు పొంగు ఉంటే దాని మీద పుట్టీ పెట్టడం డబ్బు దండగ. ప్లాస్టరింగ్ తీసేసి, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి, ఆరనిచ్చి, మళ్లీ ప్లాస్టర్ చేయాలి. సున్నంతో కట్టిన ఇంకా పాత ఇళ్లలో సిమెంటు ప్లాస్టర్ కూడా వద్దు, లోపలి తడి బయటికి పోలేక గోడ ఇంకా పాడవుతుంది. అక్కడ సున్నమే సరైనది. ఫాల్స్ సీలింగ్ పాత స్లాబుకు పెట్టడం నాకు ఇష్టముండదు. పెచ్చులూడటం మొదలైతే కనిపించకుండా పోతుంది.

కూలి, కాలం

చిన్న పనులకు లేబర్ కాంట్రాక్టు ఇచ్చి మెటీరియల్ మీరు తేవడం మంచిది. వైరు, పైపు, వాటర్‌ప్రూఫింగ్ ఈ మూడూ తప్పకుండా మీరే కొనండి, దాగిపోయే సామాన్లలోనే నాసిరకం కలుస్తుంది. టైల్స్, రంగులు కాంట్రాక్టరుకు వదిలినా నష్టం లేదు, కళ్లముందే ఉంటాయి. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు పగలగొట్టడం, ఆ చెత్త ఎత్తి పారబోయడం, క్యూరింగ్ ఎవరి ఖర్చో రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. ఆషాఢం, మూఢమని గృహప్రవేశాలు ఆగుతాయి కానీ మరమ్మతులకు చాలామంది పట్టింపు పెట్టుకోరు. ఆ నెలల్లో మేస్త్రీలు తేలిగ్గా దొరుకుతారు, లోపలి పనులు అప్పుడు పెట్టుకోవచ్చు. సంక్రాంతికి వారం ముందు మాత్రం బాత్‌రూమ్ పగలగొట్టించకండి. మేస్త్రీ ఊరెళ్తే ముక్కనుమ దాటినా రాడు, ఇంటినిండా చుట్టాలుంటారు.

గోడ మూసేముందు ప్రతి గోడనూ పక్కన టేపు పెట్టి ఫోటో తీసి, గది పేరుతో దాచుకోండి. రేపు గీజర్ మార్చేవాడు మేకు ఎక్కడ కొట్టకూడదో అప్పుడే తెలుస్తుంది. మిద్దె పని చేసినవాడికి పదో వంతు డబ్బు మొదటి పెద్దవాన దాకా ఆపుతామని బేరం కుదిరిన రోజే కాగితం మీద రాసుకోండి. ఒప్పుకోనివాడికి పని ఇవ్వకండి.